ఇరవై కేజీల లోపు

జోగినాయుడు గారు రిటైరైన రోజు
అందరికీ లడ్డూలు పంచి
నాకు మాత్రం ఒక కాగితం పొట్లం కూడా ఇచ్చారు.
పాత తూకం చీటీ, నాలుగు మడతలు.
లోపల గసగసాల కన్నా సన్నగా, నల్లగా,
ఊపిరి వదిలితే ఎగిరిపోయేంత.
"జెముడు గింజలమ్మా. మా మేడ మీద కాసిన ఒక్క పండులోవి.
తొందరపడకు" అన్నారు.
నలభై టన్నుల లారీలు తూచేదాన్ని
ఆ పొట్లాన్ని రెండు చేతులా పట్టుకుని
కంచరపాలెం బస్సులో కడ్డీ పట్టుకోకుండా వచ్చాను.

ఇసక దగ్గరే మొదటి తప్పు.
సముద్రం పక్కన ఉంటూ ఇసకకి కరువా అని
బీచి నుంచి సంచీడు మోసుకొచ్చాను.
మూడు నీళ్ళు, ఆరు నీళ్ళు, తొమ్మిది నీళ్ళు కడిగినా
నాలిక మీద పెడితే ఉప్పే.
చివరికి ఎదురింటి మేస్త్రీని అడిగి డబ్బాడు ఏటి ఇసక,
ఇటుక పొడి, జల్లించిన ఆకుమట్టి
కలిపి ఇడ్లీ పాత్రలో ఆవిరి పట్టాను.
ఆ ఆదివారం ఇడ్లీ మట్టివాసన వేసింది.

ఇంటి ఓనరు నూకరత్నం గుమ్మంలో నిలబడి
"ఏటమ్మా, మట్టి వండతన్నావేటి?" అంది.
చెప్పాను.
"ముల్లు కనిపిత్తే పీకేత్తారు గానీ
ఇత్తనమేసి మరీ పెంచుతారేటి ఎవులైనా?"
మూడో అంతస్తులో ఎవరికి గుచ్చుకుంటాయండీ అన్నాను.
"నీకే" అంది, మెట్లు దిగుతూ.

బిర్యానీ తెచ్చిన ప్లాస్టిక్ డబ్బా, దానికో మూత.
పళ్ళపుల్ల కొన తడిపి
అంటుకున్న ఒక్కో గింజనీ ఇసక మీద దించాను.
పూడ్చకూడదట.
నలభై ఒకటి. లెక్క రాసుకోవడం నాకు అలవాటు.

ఎడారి మొక్కకి ఉక్కపోత కావాలని ఎవరనుకుంటారు?
పుట్టేటప్పుడు కావాలి.
అందులో మా ఊరికి లోటేముంది!
జులై నెల, కరెంటు పోయిన రాత్రి,
చీర ఒంటికి అతుక్కుపోయి నేను విసుక్కుంటుంటే
మూత కింద వాటికి హాయి.

ఆరో రోజు, నైట్ డ్యూటీ దిగి
చెప్పులు విప్పకముందే మూత చెమట తుడిచి చూస్తే
ఒక పచ్చ చుక్క.
ముల్లు లేదు. ఆకు లేదు.
ఏది తలో ఏది కాలో తెలీదు.
సాయంత్రానికి తొమ్మిది.
గురువారానికి ఇరవై ఆరు.

తర్వాత బూజు.
తెల్లటి నూలుపోగు రాత్రికి రాత్రి పాకి
తెల్లారేసరికి పది చుక్కలు జావ.
దాల్చినచెక్క పొడి చల్లాను, మూత కాస్త తెరిచాను.
తెరిస్తే పోర్టు దుమ్ము.
కిటికీ ఊచల మీద, ఆరేసిన దుప్పట్ల మీద వాలే నల్లదుమ్మే
వాటి మీదా వాలింది.
నేను తూచి పంపిన బొగ్గే అది,
ఏ చీటీలోనూ ఎక్కకుండా మా ఇంటికి వచ్చింది.
రంగుల కుంచెతో ఒక్కోదాన్నీ తుడిచాను.
మిగిలినవి ఏడు.

ఒక మధ్యాహ్నం డబ్బాని డ్యూటీకి పట్టుకెళ్ళి
కాటా నడిమధ్య పెట్టాను.
కేబిన్‌లోకి వచ్చి చూస్తే ఎర్ర అంకెల్లో సున్నా.
మా కాటాకి ఇరవై కేజీల లోపు ఏదీ లేనట్టే లెక్క.
తెచ్చుకుందామని వెళ్ళి వంగితే
వెనక లారీ డ్రైవరు అద్దంలోంచి తొంగిచూసి అరిచాడు:
"మేడం, అరవై!"

మళ్ళీ జులై వచ్చింది.
అవిప్పుడు బఠాణీ గింజంత.
ఒంటి మీద ముళ్ళని చెప్పలేం, తెల్లటి నూగు,
వేలికి తగిలీ తగలనట్టు.
పువ్వుకి ఎనిమిదేళ్ళు పట్టచ్చన్నారు ఫోన్లో జోగినాయుడు గారు.
నా సర్వీసు ఇంకా ఆరేళ్ళు.
తీసివేత ఒకసారి వేసి, వదిలేశాను.

అద్దెకి వచ్చిన నూకరత్నం
నోట్లు లెక్కపెట్టుకోకుండా నడుముకి దోపుకుని
కళ్ళజోడు కొంగుతో తుడిచి, డబ్బా మీదకి వంగుతుంది.
"ముళ్ళెప్పుడొత్తాయే ఈటికి?"
నిన్న అడిగింది,
ఏడాది నిండినా పళ్ళు రాని మనవడి గురించి
డాక్టర్ని అడిగినట్టు.